కండువా మారింది, పదవి మారలేదు

ఎమ్మెల్యే పార్టీ ఫిరాయించాడంటే తెలుగునాట ఇప్పుడెవరూ ఉలిక్కిపడటం లేదు. అసలు ప్రమాదం అదే. ఒక గుర్తు మీద గెలిచినవారు ముఖ్యమంత్రి దగ్గరికెళ్లి కండువా కప్పించుకుంటారు, 'నియోజకవర్గ అభివృద్ధి కోసమే' అంటారు. అనర్హత పిటిషన్ పడగానే మాట మారిపోతుంది: పార్టీ మారలేదట, మర్యాదపూర్వకంగా కలిశారట!

2014 ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 23 మంది వైకాపా ఎమ్మెల్యేలను తెలుగుదేశం చేర్చుకుంది. నలుగురికి 2017 ఏప్రిల్‌లో మంత్రి పదవులూ ఇచ్చింది. 2019లో ఆ పార్టీకి సరిగ్గా 23 సీట్లే రావడంతో జనం బుద్ధి చెప్పారని చాలామంది సంబరపడ్డారు. తొందరపాటే అది. అలా గెలిచిన 23 మంది తెలుగుదేశం ఎమ్మెల్యేల్లో నలుగురు మెల్లగా అధికారపక్షమైన వైకాపా పంచన చేరారు, ఈసారి కండువా కూడా లేకుండా. వారిపై వేటు పడింది 2024 ఫిబ్రవరిలో, ఎన్నికల షెడ్యూలుకు కొద్ది వారాల ముందు. అప్పటికి వేటు పడితేనేం, పడకపోతేనేం?

తెలంగాణలో జరిగింది ఇంకా లోతైన గాయం. 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలను తెరాస (నేటి భారాస) విలీనం చేసుకుంది. దాంతో కాంగ్రెస్ ప్రతిపక్ష హోదా పోయింది. సర్కారు ఖర్చుల మీద కాగ్ నివేదికలను పరిశీలించే ప్రజాపద్దుల సంఘం అధ్యక్ష పదవి ఆనవాయితీగా ప్రతిపక్షానిది. అది అధికారపక్షంతో చెలిమిగా ఉన్న మజ్లిస్‌కు వెళ్లింది. ఖజానాకు కాపలా ఎవరుండాలో పాలకులే ఎంచుకున్నట్టయింది. 2023 ఎన్నికల తర్వాత పదిమంది భారాస ఎమ్మెల్యేలు కాంగ్రెస్ వైపు నడిచారు. నాడు లబోదిబోమన్నవారే నేడు తలుపులు తీశారు.

ఫిరాయింపులను అడ్డుకునేందుకు రాజ్యాంగంలో చేర్చిన 1985 నాటి పదో షెడ్యూలు ఉండీ ఇంత జరుగుతోందంటే కారణం తెలిసిందే: తీర్పరి స్పీకర్, ఆయనకు గడువు లేదు. ఈ పని స్వతంత్ర ట్రైబ్యునల్‌కు అప్పగించడంపై ఆలోచించాలని 2020లోనే సుప్రీంకోర్టు పార్లమెంటుకు సూచించింది. పార్లమెంటు కదల్లేదు. తెలంగాణలో ఆ పదిమందిపై పడిన పిటిషన్లను మూడు నెలల్లో తేల్చాలని 2025 జులై 31న మళ్లీ అదే కోర్టు చెప్పాల్సి వచ్చింది.

మనసు మారడం నేరం కాదు. 2017లో శిల్పా చక్రపాణిరెడ్డి తెలుగుదేశం వీడినప్పుడు మండలి సభ్యత్వానికి రాజీనామా చేశారు, అలా చేయవచ్చు. చేయనివారు రేపు ఏ జెండాతో గుమ్మంలోకి వచ్చినా, రాజీనామా ఎందుకివ్వలేదని ఓటరు ముందుగా అడగాలి.