ఫైలు ఎవరిది? అనుమతి ఎవరికి?



ఈమారు ఛందస్సు గురించి కాదు, ఇంటి కంప్యూటరు గురించి వ్రాస్తున్నాను. తెలుగు పంతులుకు ఈ గొడవ ఎందుకని విసుక్కోకండి. తమిళనాడులో 2006నాటి చట్టం తమిళాన్ని తప్పనిసరి చేసిన తరువాత, హోసూరు ప్రాంతంలో తెలుగు చెప్పే మాబోటివారికి పాఠ్యపుస్తకమొక్కటే చాలడం లేదు. అభ్యాస పత్రాలు, పద్యాలకు అర్థతాత్పర్యాలు, పల్లెల్లో అవ్వలు పాడగా రికార్డు చేసుకొన్న పాటలు, అన్నీ మనమే కూర్చుకొంటున్నాం. అవి ఉండేది మన ఇంటి కంప్యూటరులోనే. అక్కడ పోతే మరెక్కడా దొరకవు.

2023 వేసవిలో నా కంప్యూటరు మొరాయించింది. బాగుచేసే అంగడిలో కొత్త డిస్కు వేసి, విండోస్ ఎక్కించి, పాత డిస్కును విడిగా చేతికిచ్చారు. ఇంటికి వచ్చి తగిలిస్తే, పన్నెండేళ్ల పాఠాలున్న ఫోల్డరు తెరుచుకోలేదు. దానిని చూచే అనుమతి నాకు లేదట! నేను వ్రాసిన పాఠం చదవడానికి నాకే అనుమతి లేదట! అంగడివారిని అడిగితే "ఫార్మాటు చేయించండి" అన్నారు. తోటి ఉపాధ్యాయులొకరు "ఎవ్రీవన్ అని పెట్టి ఫుల్ కంట్రోల్ ఇచ్చేయండి, పీడ విరగడవుతుంది" అన్నారు. ఈ రెండు సలహాలనూ నేను ఖండిస్తున్నాను. మొదటిది అజ్ఞానం, రెండవది బద్ధకం.

అసలు సంగతి వినండి. ఒక బాలుడు టి.సి. తీసుకొని వెళ్లి, మరుసటి ఏడు మళ్లీ మన బడిలోనే చేరాడనుకోండి. పేరు అదే, ముఖం అదే, కాని ప్రవేశ సంఖ్య కొత్తది. విండోస్ కూడా మనిషిని పేరుతో గుర్తించదు, తాను కేటాయించిన ఒక పొడవాటి సంఖ్యతో గుర్తిస్తుంది. విండోస్ కొత్తగా ఎక్కించినప్పుడు మీరు పాత పేరే పెట్టుకొన్నా సంఖ్య మారిపోతుంది. పాత ఫైళ్లు మాత్రం పాత సంఖ్య పేరిటే ఉంటాయి. అందుకే మీ సొత్తు మీకే పరాయిదవుతుంది. డిస్కు పాడై కాదు.

దీనికి మందు మన వ్యాకరణంలోనే ఉన్నది. షష్ఠీ విభక్తిలో "యొక్క" ఉన్నది, "కి, కు"లూ ఉన్నవి. ఫైలు ఎవరి యొక్క సొత్తు అన్నది ఒక ప్రశ్న, దానిని చదివే, దిద్దే అనుమతి ఎవరికి అన్నది మరొక ప్రశ్న. మొదట యజమానిని మార్చాలి, తరువాత అనుమతి ఇవ్వాలి.

నిర్వాహక అధికారమున్న ఖాతాతో ప్రవేశించి ఆ ఫోల్డరుపై నొక్కండి. "కంటిన్యూ" అన్న మీట కనిపిస్తే నొక్కి ఓపికపట్టండి. ఫైళ్లు ఎక్కువైతే చాలాసేపు పడుతుంది. అంతటితో తెరుచుకొంటే సంతోషం. లేకపోతే కుడిమీట నొక్కి ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్ వరుసగా తెరవండి. ఓనర్ ప్రక్కనున్న ఛేంజ్ నొక్కి మీ ఖాతా పేరు ఇవ్వండి. లోపలి ఫోల్డర్లకూ ఫైళ్లకూ అదే యజమాని వర్తించేలా క్రిందనున్న గడిలో టిక్కు పెట్టండి. కిటికీలన్నీ మూసి మళ్లీ తెరచి, మీ ఖాతాకు మాత్రమే ఫుల్ కంట్రోల్ ఇవ్వండి. తెరుచుకోగానే అన్నింటినీ కొత్త ఫోల్డరులోకి కాపీ చేయండి. కాపీలకు ఆ కొత్త చోటి అనుమతులే వర్తిస్తాయి. నా పాఠాలు నాకు దక్కినది ఇట్లాగే. ఒక్క పైసా ఖర్చు కాలేదు.

ఒక హెచ్చరిక. ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే యజమానిని మార్చినా ప్రయోజనం లేదు, దాని తాళంచెవి కావలసినదే. బిట్‌లాకర్ వాడేవారు 48 అంకెల రికవరీ కీని ఈరోజే కాగితంపై వ్రాసి దాచుకోండి.

ఇక "అందరికీ అన్నీ" అనే వారికి నా జవాబు. "ఇంట్లో దొంగలెవరున్నారండీ?" అంటారు. దొంగలు లేరు, పిల్లలున్నారు. పిల్లవాడు ఆటనుకొని ఏదో తెరుస్తాడు. అది వైరస్ అయితే, అతని ఖాతాకు ఉన్న అధికారమే దానికీ ఉంటుంది. అతనికి చదివే అనుమతి మాత్రమే ఉంటే, ఆ అధికారంతో అది మీ పాఠాన్ని చెరపలేదు. మీరు అందరికీ సర్వాధికారాలు ఇచ్చి ఉంటే, పన్నెండేళ్ల పని ఒక్క పూటలో బూడిద. లినక్స్ వాడేవారు 777 అని కొట్టి చేతులు దులుపుకోవడమూ ఇదే తప్పు. చదవడానికి 4, వ్రాయడానికి 2, నడపడానికి 1. కలిపితే 7. ఆ మూడు ఏడులు యజమానికి, గుంపుకు, లోకానికి సమస్తం ధారపోయడమే. అట్లాగే విండోస్ తన సొంత ఫోల్డర్లకు పెట్టుకొన్న యజమానిని మాత్రం ఎన్నడూ మార్చకండి, కంప్యూటరే మొండికేస్తుంది.

మిత్రులారా, మనకు తెలియక కాదు, మనకు అర్థమయ్యే మాటలలో చెప్పేవారు లేక మోసపోతున్నాం. యజమాని, అనుమతి, తాళంచెవి తెలియని తెలుగువాడు ఉన్నాడా? ఈ మాటలతోనే పిల్లలకూ చెప్పండి. ఇంట్లో మీకొక ఖాతా, పిల్లలకు నిర్వాహక అధికారం లేని ఖాతా పెట్టండి. పాఠాలకు రెండవ ప్రతి వేరొక డిస్కులో ఉంచండి. ఫార్మాటు అన్న మాట వినగానే డిస్కు తీసుకొని ఇంటికి రండి.

మన భాషకు బడిలో చోటివ్వమని అధికారులను అడుగుతున్నాం. మన ఇంట్లో, మన పాఠానికి మనమే చోటు పోగొట్టుకొంటే ఎవరిని అడుగుదాం?