వెస్టెడ్ ఇంట్రెస్ట్స్ అంటే ఎవరు?



సికింద్రాబాద్‌లో రూములు తీసుకుని పోటీ పరీక్షలకు చదివే మనోళ్లు ఇంగ్లీష్ మాటల్ని విడివిడిగా బట్టీ పడుతున్నారు. మోటివ్ అంటే ఉద్దేశం, ఇంటెన్షన్ అన్నా ఉద్దేశమే, అయిపోయింది. కానీ ఇంగ్లీష్‌లో ఈ మాటలు జోడీ కట్టుకుని తిరుగుతాయి. అల్టీరియర్ మోటివ్ అంటే కడుపులో దాచుకున్న దురుద్దేశం, మంచి అర్థంలో ఎవరూ వాడరు. 'బెస్ట్ ఇంటెన్షన్స్' పొగడ్తలాగే ఉంటది గానీ, చాలాసార్లు దాని వెనకే 'కానీ' వస్తది. మనసు మంచిదే, పని చెడగొట్టాడు అని.

వీటిలో నాకు కోపం తెప్పించేది వెస్టెడ్ ఇంట్రెస్ట్స్. పోడు భూమి కోసం మనోళ్లు రోడ్డెక్కితే 'ఇన్‌స్టిగేటెడ్ బై వెస్టెడ్ ఇంట్రెస్ట్స్' అని రాసేస్తారు. ఎవరో స్వార్థపరులు రెచ్చగొట్టారట. ఆ ఎవరో ఎవరు? పేరుండదు. 1/70 చట్టం ఉండి కూడా భూమి పోగొట్టుకున్నోడికి, అడగమని ఇంకొకరు నేర్పాలా? తమాషా ఏంటంటే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 19లో ఇదే మాట ఏకవచనంలో ఉంది. అక్కడ అది తిట్టు కాదు, ఆస్తిలో స్థిరపడిన హక్కు.

ఇక ఉద్దేశం సంగతి. ఆకలితో దొంగతనం చేస్తే ఆకలి మోటివ్. కావాలనే తీశాడా అన్నది ఇంటెన్షన్. తెలుగులో రెండింటికీ ఒకటే మాట వాడతాం, కోర్టులో మాత్రం అవి వేరు. అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(ఆర్)లో 'ఇంటెంట్ టు హ్యుమిలియేట్' అని ఉంది, అంటే అవమానించాలనే ఉద్దేశం. అది కూడా నలుగురి కంటపడే చోట జరగాలి. బాధితుడు ఎస్టీ అయినంత మాత్రాన సరిపోదు, ఎస్టీ అనే కారణంగానే అవమానించి ఉండాలని హితేష్ వర్మ కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

అందుకే ఫిర్యాదులో 'నన్ను తిట్టాడు' అని వదిలేయొద్దు. తిట్టిన మాట ఉన్నదున్నట్టు, తెగ పేరు తీశాడా, ఎక్కడ, చుట్టూ ఎవరున్నారు, అన్నీ రాయండి. జరగనిది మాత్రం ఒక్క ముక్క కలపొద్దు. తెలుగులోనే రాయొచ్చు. నోటితో చెప్తే పోలీసులే రాసుకుని, మనకు చదివి వినిపించాలి. సంతకం ఆ తర్వాతే. కాపీకి పైసా కట్టక్కర్లేదు, 1995 నియమాల్లో రూల్ 5 చూసుకోండి.