ఘాజీ సరే, కాక్స్ బజార్ సంగతేమిటి?

మాదాపూర్‌లో అర్ధరాత్రి సర్వర్ పడిపోతే, తెల్లారేసరికి ‘రూట్ కాజ్’ రిపోర్టు మేనేజరు ముందుండాలి. ఎక్కడ తప్పింది, ముందే ఎందుకు పట్టుకోలేదు అని నిలదీస్తారు. యుద్ధాల దగ్గరికొచ్చేసరికి మాత్రం మనకు గెలిచిన కథలే కావాలి.

1971 డిసెంబర్ భారత్-పాక్ యుద్ధం అంటే మనవాళ్లకు విశాఖ, ఘాజీ. ఆ పాకిస్తాన్ జలాంతర్గామి మన తీరానికి దగ్గర్లోనే మునిగింది. 2017లో సంకల్ప్ రెడ్డి దాన్ని సినిమాగా తీశాడు, బాగానే తీశాడు. అయితే అది మునిగిన పది రోజులకే, విశాఖ కేంద్రంగా ఉన్న తూర్పు నౌకాదళం ఇంకో పనికి దిగింది. బంగ్లాదేశ్ విముక్తి పోరాటం చివరికొచ్చింది. పాక్ సైనికులు బర్మాలోకి జారుకోకుండా అక్కడి తీరంలోని కాక్స్ బజార్ దగ్గర సముద్రం మీంచి సైన్యాన్ని దింపాలనుకున్నారు. దీనికి పెట్టిన పేరు ‘ఆపరేషన్ బీవర్’.

కలకత్తాలో ‘విశ్వ విజయ్’ అనే సరుకుల ఓడ ఎక్కించిన గూర్ఖా సైనికులను నడిసముద్రంలో ఘరియాల్, గుల్దార్ అనే, సైన్యాన్ని ఒడ్డున దింపే నౌకల్లోకి మార్చారు. ఇలా సముద్రం మీంచి దిగడంలో వాళ్లకు శిక్షణే లేదు. ఈ రకం నౌక ముక్కును ఇసుకకు ఆనించి, తలుపు కిందికి వాల్చి మనుషుల్ని దింపుతుంది. కాక్స్ బజార్‌లో ఒడ్డు ఇంకా దూరముండగానే ఇసుక తిన్నె అడ్డొచ్చింది. తిన్నె దాటితే మళ్లీ లోతే. వీపున బరువుతో దిగినవాళ్లలో ఇద్దరు మునిగిపోయారు. మిగతావాళ్లను ఊరి పడవల మీద ఒడ్డుకు చేర్చాల్సి వచ్చింది. తీరా చూస్తే అక్కడ శత్రువు లేడు. డిసెంబర్ 16న ఢాకాలో పాక్ సేనల లొంగుబాటే అయిపోయింది.

ఇవాళైతే హైటెక్ సిటీకి కాస్త దూరంలో, ప్రగతినగర్ దగ్గర సముద్ర సమాచారం అందించే ఇన్‌కాయిస్ సంస్థ ఉంది. అలల ఎత్తు, సునామీ హెచ్చరికలు సముద్రం లేని ఈ హైదరాబాద్ నుంచే తీరాలకు వెళ్తాయి. 1971లో అలాంటి వసతి లేదన్నది నిజమే, కానీ సాకుగా పనికిరాదు. ఆ తిన్నె సంగతి ఉపగ్రహం చెప్పాలా? తర్వాత సైనికుల్ని మోసిన ఆ పడవలవాళ్లనే ముందు అడిగితే చెప్పేవాళ్లు. తొందరలో ఆ పని జరగలేదు.

విశాఖ ఆర్కే బీచ్‌లో 1971 గెలుపుకు గుర్తుగా కట్టిన ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం దగ్గర జనం ఫొటోలు దిగుతుంటారు. బీవర్ కథ కూడా అక్కడే, తిన్నె లోతుల పటంతో సహా, ఆ ఇద్దరి పేర్లతో సహా ఒక పలక మీద రాయించాలి.