సలిల్ చౌధురి స్వరరచన: హరణవిచారము

చలనచిత్రగీతములను గూర్చిన విమర్శ తరచుగా ఒక్క ప్రశ్నతో ముగియుచున్నది: ఈ వరుస ఎచ్చటనుండి వచ్చినది? మూలము దొరకినంతనే ‘అనుకరణ’ యని తీర్పు వెలువడును. మూలాన్వేషణము విమర్శకు ఆరంభమే గాని పర్యవసానము గాదు. ఇందుకు కలకత్తా సంగీతకర్త సలిల్ చౌధురి రచనలు చక్కని నిదర్శనములు.

సలిల్ బాల్యము అస్సాము తేయాకుతోటలలో గడచినది. తండ్రి అచ్చట వైద్యుడు. ఇంటిలో పాశ్చాత్య శాస్త్రీయసంగీతపు గ్రామఫోను రికార్డులు, వెలుపల తోటకూలీల పాటలు ఆ బాలుని చెవిని ఏకకాలమున తీర్చిదిద్దినవి. కలకత్తాలో విద్యార్థిగా నున్న కాలమున ఇప్టా నాటకోద్యమమున జేరి, కర్షకపోరాటములకై పాటలు కట్టెను. వంగభాషలో మాటను, వరుసను తానే కూర్చిన వాగ్గేయకారుడాయన. 1949లో ‘పరివర్తన్’ అను వంగచిత్రముతో సినీరంగమున ప్రవేశించెను. 1953 నాటి ‘దో బీఘా జమీన్’ చిత్రమునకు సంగీతమే గాక కథయు ఆయనదే. 1995లో కలకత్తాలోనే మరణించెను.

విదేశీయస్వరమును స్వీకరించుట ఆ నగరమున సలిల్‌తో మొదలైనది గాదు. 1881లో జొరాసాంకో భవనమున ప్రదర్శింపబడిన రవీంద్రుని ‘వాల్మీకి ప్రతిభ’లో ఐర్లండు వరుసలు గలవు. దక్షిణమున అంతకు పూర్వమే ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్యుల వరుసలకు సంస్కృతసాహిత్యము కూర్చి నొట్టుస్వరములను రచించెను. దీక్షితులను అనుకర్తయని త్రోసిపుచ్చని వారు సలిల్ విషయమున వేరొక కొలత చేపట్టుట న్యాయము గాదు.

సరియైన కొలత మన యాలంకారికులే యిచ్చియున్నారు. ఇద్దరు కవుల భావములు కలిసినపుడు ఆ సామ్యము ప్రతిబింబమువంటిదో, చిత్తరువువంటిదో, సమానదేహము గల వేరొక ప్రాణివంటిదో యగునని ఆనందవర్ధనుడు చెప్పెను. మొదటి రెండును త్యాజ్యములు, మూడవది గ్రాహ్యము. రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో పరపురప్రవేశమను నాలుగవ దానిని జేర్చెను. అందు మూలమొక్కటియే, కూర్పుమాత్రము మిక్కిలి భిన్నము.

ఈ కొలతతో చూచినచో సలిల్ రచనలన్నియు ఒక్క తరగతికి చెందవు. 1961 నాటి ‘ఛాయా’ చిత్రమున తలత్ మహమూద్, లతా మంగేష్కర్ పాడిన యుగళగీతపు పల్లవి మొజార్ట్ 1788లో రచించిన 40వ సింఫొనీ ప్రారంభమునుండి వచ్చినది. పల్లవిమాత్రమే చూచినచో అది చిత్తరువే. దానిని మరుగుపరచ బనిలేదు. కాని చరణములలో వరుస తన దారిని తాను పట్టినది. వాద్యబృందపు వ్యాకులత ఇరువురు ప్రేమికుల సంభాషణగా మారినది. ‘మధుమతి’ (1958)లో ముకేశ్, లత పాడిన యుగళగీతమునకు పోలండు జానపదగీతమొకటి మూలము. అది కొండసీమ కథలో ఆ సీమలోనే పుట్టిన పాటవలె వినిపించును. ఇదియే పరపురప్రవేశము. ఇక 1965 నాటి మలయాళచిత్రము ‘చెమ్మీన్’లో ఆయన పాశ్చాత్యులనుండి గ్రహించినది వరుస గాదు, పద్ధతి. బెస్తవారి సామూహికజీవనమునకు బహుకంఠగానము రూపమైనది. ఇచ్చట మూలాన్వేషకునకు దొరకునది యేమియు లేదు. విమర్శకునకు దొరకునది ఎంతయో కలదు.

ఋణమును పేర్కొనకుండుట దోషమే. పేరులేని జానపదుల పాటను గ్రహించునపుడు ఆ దోషము మరింత పెద్దది. అయితే అది నీతికి సంబంధించిన ప్రశ్న, కళాప్రశ్న వేరు. ఈ రెంటిని కలిపి ఒక్క తీర్పు చెప్పుట తగదు.

తెలుగు శాఖలకు ఇందు ప్రత్యేకకర్తవ్యమొకటి గలదు. సలిల్ తన వంగగీతముల వరుసలనే ఇతరభాషలకు మార్చుచుండెను. ‘పరఖ్’ (1960)లోని లత వర్షగీతము అట్టిదే. 1974లో ఆయన తెలుగున ‘చైర్మన్ చలమయ్య’కు సంగీతము కూర్చెను. హలంతపదములు విరివిగా గల వంగభాషకు అలవడిన స్వరకర్త, ప్రధానముగా అజంతమైన తెలుగునకు వరుస కట్టునపుడు విరామస్థానమున నేమి జరుగును? దీర్ఘము సాగునా, స్వరము కుదియునా? ఇది ఛందశ్శాస్త్రజ్ఞుడు తేల్చవలసిన విషయము. సినీగీతములను సాహిత్యమాత్రముగా సంకలించి పరిశోధించు పద్ధతి దీనికి చాలదు. వరుసను విడిచి మాటను పరీక్షించుట, తాళమును విడిచి పదమును వ్యాఖ్యానించుట వంటిది. ఆ పాటలను వినగలిగిన తరము ఉండగనే వానిని స్వరసహితముగా లిఖించి పరిశోధనకు అందుబాటున నుంచుట విశ్వవిద్యాలయముల విధి.