మిగ్‌ల వారసుల కోసం వేల కోట్లు, దశాబ్దాల జాప్యం

న్యూఢిల్లీ: భారత వైమానిక దళంలో 1963లో ప్రవేశించిన మిగ్-21 యుద్ధ విమానాలు 62 సంవత్సరాల సేవల అనంతరం 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో తుది వీడ్కోలు తీసుకున్నాయి. దీనితో వైమానిక దళంలో యుద్ధ విమాన స్క్వాడ్రన్ల సంఖ్య 29కి పడిపోయింది. ఉండవలసినవి 42. మిగ్‌ల స్థానాన్ని భర్తీ చేయడానికి ప్రభుత్వం 1983లోనే పూనుకున్నది. ఖజానా నుంచి వేల కోట్లు తరలిపోయినా స్క్వాడ్రన్లు ఎందుకు తరిగిపోయాయన్నదే తేలవలసిన ప్రశ్న.

రూ. 560 కోట్లతో శ్రీకారం

తేలికపాటి యుద్ధ విమాన పథకానికి 1983లో రూ. 560 కోట్లు మంజూరయ్యాయి. ఆ విమానం తొలిసారి గగనానికి లేచింది 2001 జనవరి 4న. తర్వాత తేజస్‌గా నామకరణం పొందిన ఈ విమానాలతో మొదటి స్క్వాడ్రన్ 2016 జులైలో గానీ ఏర్పడలేదు. మార్క్-1 రకంలో 53 లోపాలున్నాయని, 70 శాతం ఉంటాయనుకున్న స్వదేశీ విడిభాగాలు 35 శాతమే ఉన్నాయని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2015లో ఎత్తిచూపారు.

ఇంజన్ కథ ఇంతకన్నా భిన్నం కాదు. దాదాపు రూ. 383 కోట్ల అంచనాతో 1989లో చేపట్టిన కావేరి ఇంజన్‌పై వ్యయం రూ. 2,000 కోట్లు దాటింది. అయినా అది తేజస్‌కు పనికిరాక 2008లో పథకం నుంచి వేరు చేయవలసి వచ్చింది. ఫలితంగా అమెరికన్ జనరల్ ఎలక్ట్రిక్ ఇంజన్లే దిక్కయ్యాయి. 2021లో 83 మార్క్-1ఎ విమానాలకు ఒప్పందం కుదిరింది. 2024 మార్చిలో మొదలు కావలసిన సరఫరా మొదలు కాలేదు. 99 ఇంజన్లలో మొదటిది 2025 మార్చిలో అందింది. ఇంతలో మిగ్‌ల వీడ్కోలుకు ఒకరోజు ముందు మరో 97 తేజస్‌ల కోసం రూ. 62,370 కోట్ల ఒప్పందంపై సంతకాలు జరిగాయి.

126 నుంచి 36కు

విదేశీ కొనుగోళ్లూ సజావుగా సాగలేదు. 126 విమానాల కోసం రూ. 42,000 కోట్ల అంచనాతో 2007లో టెండర్లు పిలిచారు. 2012లో ఫ్రాన్స్‌కు చెందిన రాఫెల్‌ను ఎంపిక చేశారు. కాని ధర వద్ద, భారత్‌లో తయారయ్యే విమానాలకు పూచీ ఎవరిదన్న అంశం వద్ద చర్చలు స్తంభించి, 2015లో టెండరు రద్దయింది. చివరకు 2016 సెప్టెంబర్‌లో 36 రాఫెల్‌లను 787 కోట్ల యూరోలకు కొన్నారు. ధరపై వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అయితే ఎనిమిదేళ్ల కసరత్తు వృథా అయిన సంగతి ఆ రభసలో మరుగునపడింది. 2018లో 114 విమానాల కోసం అదే ప్రక్రియ మళ్లీ మొదటి నుంచి ఆరంభమైంది. రష్యాతో కలిసి ఐదవ తరం విమానం రూపొందించేందుకు 2010లో 29.5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్న భారత్ 2018లో ఆ పథకం నుంచి తప్పుకున్నది. ఒక్క విమానమూ దక్కలేదు.

జాప్యమే అసలు దుబారా

పోఖ్రాన్ పరీక్షల అనంతరం 1998లో అమెరికా విధించిన ఆంక్షలు తేజస్‌ను దెబ్బతీశాయన్నది కాదనలేని నిజం. ఈ కృషి వల్ల దేశానికి సాంకేతిక పరిజ్ఞానం సమకూరిందన్న వాదనలోనూ బలమున్నది. కాని ఆలస్యానికి మూల్యం ధనరూపంలోనే చెల్లించలేదు. 2012 వరకు 482 మిగ్ విమానాలు ప్రమాదాలకు గురై, 171 మంది పైలట్లు, 39 మంది పౌరులు మరణించినట్లు అప్పటి రక్షణమంత్రి ఎ.కె. ఆంటోనీ పార్లమెంటుకు తెలిపారు. ఏ ఒక్క పథకమూ సకాలంలో పూర్తి కాలేదని వైమానిక దళాధిపతి ఎ.పి. సింగ్ స్వయంగా 2025 మేలో అసంతృప్తి వెలిబుచ్చారు.

2025-26 బడ్జెట్లో రక్షణకు కేటాయించిన రూ. 6.81 లక్షల కోట్లలో కొత్త ఆయుధ సామగ్రి తదితర పెట్టుబడి వ్యయానికి దక్కినది రూ. 1.80 లక్షల కోట్లు. అందులో ప్రతి రూపాయికీ మూడు దళాలూ పోటీపడతాయి. దాదాపు రూ. 15,000 కోట్లతో అధునాతన మధ్యతరహా యుద్ధ విమాన రూపకల్పనకు 2024 మార్చిలో ఆమోదం లభించింది. దానికీ తొలిదశలో విదేశీ ఇంజనే ఆధారం. గడువు తప్పితే జవాబు చెప్పవలసినది ఎవరో ముందే నిర్ణయించకపోతే తేజస్ చరిత్రే పునరావృతం కాగలదు.