బల్ల యొద్ద బంతులు



రాజోలు, మలికిపురం, అమలాపురం ప్రాంతాలనుండి గల్ఫ్ దేశాలకు వెళ్లినవారిలో మన సంఘాల ఆడపడుచులు చాలామంది ఉన్నారు. మేమిద్దరం కూడ కువైట్‌లో కొన్ని సంవత్సరాలు ఉన్నాము. అక్కడ తిన్న ఒక భోజనం సంగతి ఈ నెల మీతో చెప్పుకోవాలి.

కువైట్‌లో శుక్రవారం సెలవు గనుక ఆరాధనలు ఎక్కువగా ఆ రోజే జరుగుతాయి. అలా ఒక శుక్రవారం ఆరాధన ముగిశాక, రాజోలు దగ్గర ఊరినుండి వచ్చి ఇంటిపని చేస్తున్న ఒక చెల్లిని వెంటబెట్టుకొని శాకాహార హోటలుకు వెళ్లాము. ఇంటి పనివారికి వారానికొక రోజు సెలవు ఇవ్వాలని ఆ దేశం 2015లోనే చట్టం చేసింది. అయినా ఆమెకు సెలవు దొరికింది నాలుగు నెలల తరువాత.

చేపల పులుసు లేనిదే ముద్ద దిగని గోదావరి వాళ్లకు శాకాహార హోటలేమిటని నవ్వకండి. "పప్పన్నం తిని ఎన్నాళ్లయిందో అక్కయ్యగారూ!" అన్నది ఆమె.

స్టీలు పళ్లెంలో అన్నం, పప్పు, సాంబారు, అప్పడం, పెరుగు వచ్చాయి. మన కందా బచ్చలి కూర లేదు, పనసపొట్టు కూర లేదు. సాంబారు తియ్యగా ఉన్నది. అయినా మొదటి ముద్దకే ఆమె కళ్లు తుడుచుకున్నది.

హోటలు నిండిపోయి ఉన్నది. మా బల్ల దగ్గర ఖాళీగా ఉన్న కుర్చీలో ఒక పెద్దాయన కూర్చున్నారు. వారిది అమలాపురం దగ్గర అగ్రహారమట. "ఏ ఊరమ్మా మీది?" అని ఆమెను అడిగారు. ఆమె ఊరి పేరు, పేట పేరు చెప్పింది. పేట పేరు చెప్పాక మన వైపు ఇక అడగవలసినది ఏముంటుంది? ఆమె తండ్రికి అటువంటి ఇళ్ల అరుగుల మీద గ్లాసు వేరు. ఆయన మాత్రం లేవలేదు. తాను ముట్టని అప్పడం తీసి ఆమె పళ్లెంలో వేసి, "తినమ్మా, మన గోదావరి పిల్లవి" అన్నారు.

మేము తిరిగి వచ్చాక మా అమ్మాయి పెళ్లి చేశాము. ఆ చెల్లి సెలవు మీద వచ్చి ఉన్నది. షామియానాలో బంధువులకు, పెద్దలకు ముందు బంతి. పేటవారికి కొబ్బరితోట చివర ఆఖరి బంతి. అలా ఏర్పాటు చేసినది మేమే. చేతులు కడుక్కొని వెళ్తూ ఆమె అన్నది: "కోడి పెట్టారండి, రొయ్యలు పెట్టారండి. కువైట్‌లో మీ పక్కన కూర్చుని తిన్న పప్పన్నమే బాగుందండి."

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అంతియొకయలో అన్యులతో కలిసి భోజనం చేసిన పేతురు, తనవారు రాగానే వెనుకతీసి వేరైపోయాడు (గలతీ 2:11-14). మేము చేసినదీ అదే. ఒకడు కూరగాయలే తింటే అతనిని తృణీకరింపవద్దని రోమా 14లో వ్రాసిన పౌలు, బంతి విషయంలో మాత్రం పేతురును ముఖాముఖిగా ఎదిరించాడు.

తరువాతి ఆదివారం ఆమె ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాము. ఆమె చాప వేసి, మాకు అన్నం వడ్డించి, తానూ పక్కనే కూర్చున్నది.

ప్రియులారా, మీ ఆడపడుచు కువైట్‌లో ఉంటే వారపు సెలవు దొరుకుతున్నదా అని ఈసారి ఫోనులో అడగండి. మీ సంఘంలో ప్రేమవిందుకు బంతులు ఎలా వేస్తున్నారో పెద్దలు, స్త్రీల సమాజమువారు కూర్చుని ఆలోచించండి. వచ్చినవారిని వచ్చిన వరుసలోనే కూర్చోబెట్టండి. ఒకే రొట్టెలో పాలు పొందే మనలను ప్రభువు ఒకే బంతిలో కూర్చోబెట్టును గాక. ఆమేన్.