పరుగులో ఉన్న బలమే బలం

కోనసీమలో కొత్తిల్లు కట్టేవాళ్లు ఎక్కడైనా పొదుపు చేస్తారేమోగానీ సింహద్వారం దగ్గర మాత్రం చెయ్యరు. టేకు తలుపు మీద నెమలో, లతలో, లక్ష్మీదేవో కొలువుదీరాల్సిందే. ఒకప్పుడు ఆ పనంతా ఉలిదీ సుత్తిదీ. ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే సీఎన్‌సీ రూటర్‌ది. కొందామంటే లక్షల్లో మాట. అందుకే చేతిలో పనీ, కాస్త ఎలక్ట్రానిక్స్ పరిజ్ఞానమూ ఉన్నవాళ్లు ‘మనమే తయారు చేసుకుంటే పోలా?’ అనుకుంటారు. నిజమే, చేసుకోవచ్చు. ఇనుప ఫ్రేము వెల్డింగ్ షాపులో తయారవుతుంది. పట్టాలు, బాల్ స్క్రూలు ఆర్డరిస్తే ఇంటికొస్తాయి. డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా మోటార్ల దగ్గరే.

అడుగులేసే మోటారు

ఫ్యాను మోటారుకు కరెంటిస్తే తిరుగుతూనే ఉంటుంది. రూటర్‌కు వాడే స్టెప్పర్ మోటారు అలా కాదు. లెక్కపెట్టి అడుగులేస్తుంది. ఒక అడుగు 1.8 డిగ్రీలు. 200 అడుగులైతే ఒక చుట్టు. చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరిగే స్క్రూను తగిలిస్తే ఎన్ని అడుగులకు ఎంత దూరమో ఇట్టే తేలిపోతుంది. కంప్యూటర్ నుంచి వచ్చే సంకేతాన్ని మోటారు తీగచుట్టల్లో కరెంటుగా మార్చేది డ్రైవర్ అనే చిన్న పెట్టె.

వీటిని నెమా 17, నెమా 23, నెమా 34 అని పిలుస్తారు. చాలామంది ఆ అంకెను బలం అనుకుంటారు. కాదు. అది మోటారు ముఖం కొలత మాత్రమే. నెమా 23 అంటే ముఖం 2.3 అంగుళాలు... దాదాపు 57 మిల్లీమీటర్లు. బలం, అంటే టార్క్, విడిగా కిలో-సెంటీమీటర్లలో రాసి ఉంటుంది. ‘ఎక్కువ కిలోలది తీసుకో బాబూ, ఢోకా ఉండదు’ అని సలహా ఇచ్చేవాళ్లకూ కొదవుండదు. చిక్కు అక్కడే మొదలవుతుంది. లేబుల్ మీది ఆ బలం మోటారు కదలకుండా నిలబడి ఉన్నప్పటిది. తలుపు చెక్కాల్సింది పరుగెత్తే మోటారు కదా!

శివారు చేనుకు నీళ్లు

కలపను నిమిషానికి 3 మీటర్ల వేగంతో చెక్కాలనుకుందాం. 5 మిల్లీమీటర్ల స్క్రూ అయితే మోటారు నిమిషానికి 600 చుట్లు తిరగాలి. అంటే సెకనుకు 2,000 అడుగులు. ఒక్కో అడుగుకు దొరికేది అర మిల్లీసెకను. ఆలోగా తీగచుట్టలో కరెంటు నిండాలి. తీగచుట్టకు కరెంటును ఒక్కసారిగా రానివ్వని గుణం ఒకటుంది. దాన్నే ఇండక్టెన్స్ అంటారు.

గోదావరి డెల్టా రైతుకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. తూము ఎత్తగానే శివారు చేను తడవదు. నీళ్లు అక్కడిదాకా పారకముందే తూము దించేస్తే చేను ఎండినట్టే ఉంటుంది. మోటారులోనూ అంతే. వేగం పెరిగేకొద్దీ కరెంటు నిండకుండానే తర్వాతి అడుగు వచ్చేస్తుంది. బలం జారిపోతుంది. కాలువ తల దగ్గర నీటిమట్టం పెంచితే శివారుకు త్వరగా అందుతుంది. ఇక్కడ ఆ నీటిమట్టమే వోల్టేజీ.

ఎంత వోల్టేజీ ఇవ్వాలో తేల్చడానికి ఈ పనిలో ఉన్నవాళ్లు వాడే సులువైన లెక్క ఒకటుంది. మోటారు ఇండక్టెన్స్‌ను మిల్లీహెన్రీల్లో తీసుకుని, వర్గమూలం కట్టి, 32తో గుణించాలి. 1 మిల్లీహెన్రీ అయితే 32 వోల్టులు. 2.25 అయితే 48. 4 అయితే 64. ఎక్కువ కిలోల మోటారుకు చాలావరకు ఇండక్టెన్స్ కూడా ఎక్కువే. దాన్ని 24 వోల్టుల సప్లయికి తగిలిస్తే నిలబడి ఉన్నప్పుడు పహిల్వాను, పరుగులో నీరసం. తక్కువ ఇండక్టెన్స్ ఉన్న చిన్న మోటారే 48 వోల్టుల మీద దాన్ని మించి పనిచేయొచ్చు.

డ్రైవర్ సంగతి

త్రీడీ ప్రింటర్లలో వాడే ఏ4988 లాంటి చిన్న బోర్డుకు హద్దు 35 వోల్టులు, 2 ఆంపియర్లు. టేకు చెక్కే నెమా 23కు అది చాలదు. టీబీ6600 పేరుతో చవగ్గా దొరికే వాటిలో కొన్నింట్లో చిప్పే వేరేది ఉంటుంది. 50 వోల్టులు, 4.2 ఆంపియర్ల డీఎం542 తరహా డ్రైవర్ ఈ పనికి సరిపోతుంది. అలాగని సరిగ్గా 50 ఇవ్వకూడదు. వేగంగా వెళ్తున్న మోటారు ఆగేటప్పుడు కొంత కరెంటును వెనక్కి తోస్తుంది. 36 నుంచి 48 మధ్య ఉంచితే మేలు. మోటారు వైరును కరెంటు ఉండగా పీకితే డ్రైవర్ కాలిపోవచ్చు.

ఆర్డునో ఊనో మీద నడిచే జీఆర్‌బీఎల్ అనే ఉచిత ప్రోగ్రాముకూ ఒక హద్దుంది. సెకనుకు దాదాపు 30,000 సంకేతాలు. ఒక్కో అడుగును పదిగా విడగొట్టి, నిమిషానికి 6 మీటర్లు పరుగెత్తించాలంటే 40,000 కావాలి. అందుకే అడుగును మరీ సన్నగా చీల్చకూడదు. నాలుగుగా చీలిస్తే 16,000తో పనైపోతుంది.

తప్పిన అడుగు

ఇంతకీ బలం చాలకపోతే ఏమవుతుంది? మోటారు ఒక అడుగు తప్పుతుంది. అయితే ఆ సంగతి కంప్యూటర్‌కు తెలియదు! మామూలు స్టెప్పర్‌కు వెనక్కి కబురు చెప్పే దారి లేదు. మూడు గంటలు చెక్కాక నెమలి ముక్కు మెడ మీద పడుతుంది. పోయేది కరెంటు ఖర్చు కాదు, ఇంటివాళ్లు కొనిచ్చిన టేకు తలుపు. దానితోపాటు పని చేసినవాడి మాట.

అందుకే క్లోజ్డ్ లూప్ స్టెప్పర్లు వచ్చాయి. వాటికి వెనక ఎన్‌కోడర్ ఉంటుంది. మోటారు వెనకబడితే డ్రైవర్ సర్దుతుంది. సర్దలేకపోతే అలారం ఇస్తుంది. ఆ అలారం వైరును కంట్రోలర్‌కు కలిపితే మెషీన్ అక్కడే ఆగుతుంది. ధర ఎక్కువే. అయినా ఇతరుల కలప మీద పని చేసేవాళ్లకు ఆ తేడా ఒక్క తలుపు పాడవకుండా మిగిల్తే గిట్టినట్టే.

ఇక ఊళ్లో కరెంటు మాట. సరఫరా పోతే మోటార్ల పట్టు సడలుతుంది. బాల్ స్క్రూ మీదున్న బరువైన స్పిండిల్ కిందికి జారొచ్చు. కాబట్టి నిలువు మోటారుకు బ్రేకు, తిరిగి మొదటి చోటును పట్టుకోవడానికి హోమింగ్ స్విచ్‌లు పెట్టుకోవాలి. స్పిండిల్‌ను నడిపే వీఎఫ్‌డీ నుంచి వచ్చే విద్యుత్ రొద సంకేతాల్లో కలవకుండా ఆ వైర్లను దూరంగా లాగాలి. ఎర్తింగ్ సరిగా ఉండాలి. సముద్రపు గాలి తగిలే అంతర్వేది, రాజోలు వైపైతే కనెక్టర్లకు తుప్పు పట్టకుండా చూసుకోవాలి.

అన్నీ బిగించాక టేకు జోలికి వెళ్లకండి. ప్లైవుడ్ ముక్క పెట్టి, స్పిండిల్ చోట పెన్సిల్ కట్టి ఒక చుక్క పెట్టించండి. గంటసేపు అటూ ఇటూ పూర్తి వేగంతో తిప్పి, మళ్లీ అదే చోట చుక్క పెట్టమనండి. రెండో చుక్క మొదటిదాని మీదే పడితే తలుపు తెచ్చుకోవచ్చు. పక్కన పడితే వేగం తగ్గించండి, లేదా వోల్టేజీ లెక్క మళ్లీ కట్టండి.